హైదరాబాద్‌కు నప్పుతుంది, మీ రెండున్నర ఎకరాల మీదే నా అనుమానం

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ మేనమామ గారు, ఇంకో ఇద్దరు భాగస్వాములు కలిసి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అవతల ఉన్న రెండున్నర ఎకరాల్లో హోటల్ కట్టాలనుకుంటున్నారు. ఒక కన్సల్టెంట్ వచ్చి, మామూలు ఫైవ్ స్టార్లు ఊళ్ళో చాలా ఉన్నాయి, డబ్ల్యూ గానీ ఎడిషన్ గానీ అలాంటి కుర్రకారు ఇష్టపడే విదేశీ లగ్జరీ బ్రాండ్ తెస్తే ఊరంతా మీ దగ్గరే ఉంటుందన్నాడు. ఇంట్లో సగం మంది సై అంటున్నారు, సగం మందికి నిద్ర పట్టట్లేదు. అసలా బ్రాండ్ హైదరాబాద్‌కు నప్పుతుందా అని అడిగారు.

ఊరికి నప్పుతుంది. ఒకటి పడుతుంది, బహుశా ఒక్కటే పడుతుంది. మీ స్థలానికి మాత్రం నప్పదని నా అనుమానం, ఎందుకో చెప్తాను, కాస్త పెద్దదవుతుంది ఓపిక పట్టండి. నేను ఫ్రంట్ ఆఫీసులో నైట్ షిఫ్టులతో మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళు ఈ పనిలోనే ఉన్నాను, అందులో సగం హోటళ్ళు నడిపిపెట్టే ఆపరేటర్ కంపెనీల తరఫున, మిగతా సగం ఓనర్ల తరఫున. బల్లకు రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి ఎవరు ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ మాట మింగుతారో తెలుసు.

ముందు మీ మామయ్య గారికి ఒక విషయం గట్టిగా చెప్పండి, ఎందుకంటే కన్సల్టెంట్లు దీన్ని చివరి స్లైడ్‌లో పెడతారు. ఇలాంటి బ్రాండ్ కంపెనీ సాధారణంగా మీ హోటల్‌లో రూపాయి పెట్టదు. బోర్డు వాళ్ళది, అప్పు మీది. వాళ్ళు చేసేది మేనేజ్‌మెంట్ కాంట్రాక్టు, 20 ఏళ్ళకో ఇంకా పైకో. హోటల్ మొత్తం రాబడి ఏడాదికి వంద కోట్లు అనుకుందాం, లెక్క సులువుగా ఉంటుందని. అందులో బేస్ ఫీజు రెండు మూడు శాతం, అంటే రెండు మూడు కోట్లు, మీకు లాభం వచ్చినా రాకపోయినా పోతుంది. ఫర్నిచర్, కార్పెట్లు మార్చడానికని నాలుగు శాతం పక్కన పెట్టాలి, అదో నాలుగు కోట్లు. ఆపైన మార్కెటింగ్, రిజర్వేషన్ సిస్టం ఖర్చులు వేరే, నిర్వహణ లాభం మీద ఇన్సెంటివ్ ఫీజు వేరే. ఇవన్నీ పోయాక మిగిలిన దాంట్లోంచి మీరు బ్యాంకు వాయిదా కట్టాలి. మామూలు బ్రాండ్ అయినా ఈ లెక్క ఇంతే, కానీ ట్రెండీ బ్రాండ్‌కు గది కట్టే ఖర్చు ఎక్కువ, మళ్ళీ మళ్ళీ కొత్తగా చేయించే ఖర్చు ఇంకా ఎక్కువ.

ఆ మళ్ళీ మళ్ళీ అన్న మాట ఎందుకన్నానంటే, డబ్ల్యూ కథే చూడండి. అది పుట్టింది 1998లో న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూలో, స్టార్‌వుడ్ కంపెనీకి బారీ స్టెర్న్‌లిక్ట్ అధిపతిగా ఉన్న రోజుల్లో. మన సైబర్ టవర్స్ తెరుచుకున్నదీ అదే ఏడాది, ఇద్దరూ ఒక ఈడు వాళ్ళే. వాళ్ళు కొత్త భవనం కూడా కట్టలేదు, డోరల్ ఇన్ అనే పాత హోటల్‌ను పట్టుకుని మార్చేశారు. అసలు కిటుకంతా లాబీలో ఉంది. పాలరాయి నేల, పెద్ద పూలకుండీ, గంభీరంగా నిలబడే డెస్కు ఉండే లాబీని తీసేసి దానికి లివింగ్ రూమ్ అని పేరు పెట్టి, సోఫాలు, తక్కువ వెలుతురు, సంగీతం, మధ్యలో బారు పెట్టారు. గది తీసుకున్నవాడే కాదు, పక్క వీధి ఆఫీసులో పనిచేసే వాడు కూడా సాయంత్రం లోపలికొచ్చి రెండు గంటలు కూర్చోవాలి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ స్థలం దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ ఎత్తుతాను.

1998లో అది చూసి ముచ్చటపడిన ఇరవై ఏడేళ్ళ కుర్రాడికి ఇప్పుడు యాభై దాటాయి, మోకాళ్ళ నొప్పులతో ఆ పల్లపు సోఫాలోంచి లేవలేడు. ఫ్యాషన్ బ్రాండ్‌కు ఉన్న జబ్బే అది. 2016లో మారియట్ కంపెనీ స్టార్‌వుడ్‌ను దాదాపు 13 వందల కోట్ల డాలర్లకు కొన్నప్పుడు డబ్ల్యూ కూడా వాళ్ళ చేతికొచ్చింది. 2019లో ఏం చేశారో తెలుసా, న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో ఉన్న డబ్ల్యూ హోటల్‌ను 20 కోట్ల 60 లక్షల డాలర్లు పెట్టి వాళ్ళే కొన్నారు, కొత్త డబ్ల్యూ ఎలా ఉండాలో ఓనర్లకు చేసి చూపించడానికి. ఆస్తులు కొనకుండా ఫీజుల మీద బతికే కంపెనీ తన బ్రాండ్ పాతబడిందని ఒప్పుకుని సొంత డబ్బు తీసిందంటే, మీ హోటల్ తెరిచిన ఏడెనిమిదేళ్ళకు ఆ డబ్బు మీ దగ్గర అడగరా? అడుగుతారు. దానికొక పేరు కూడా ఉంది, ప్రాపర్టీ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్. ఆ కాగితం వచ్చిన రోజున ఓనర్ల మొహాలు నేను చాలానే చూశాను.

ఇక ఊరికి నప్పడం, నప్పకపోవడం అనే మాట. సిడ్నీలో డబ్ల్యూ మొదటిసారి వూలూమూలూ అనే చోట, ఉన్ని ఎగుమతి చేసిన పాత రేవు షెడ్డులో ఉండేది. నిజంగా అందమైన చోటు. 2006లో దాన్ని మన తాజ్ వాళ్ళు తీసుకుని బ్లూ అని పేరు మార్చారు, 2014లో వాళ్ళు కూడా హాంకాంగ్‌కు చెందిన ఓవోలోకు అమ్మేశారు. తర్వాత 2023లో అదే సిడ్నీలో, డార్లింగ్ హార్బర్ పక్కన, డబ్ల్యూ మళ్ళీ తెరిచారు. ఒకే ఊరు, ఒకే బ్రాండ్, పోయింది, పదిహేడేళ్ళకు తిరిగొచ్చింది. మరి సిడ్నీకి నప్పినట్టా, నప్పనట్టా? అందుకే ఊరి పేరు చూసి జవాబు చెప్పేవాడిని నేను నమ్మను. ఏ వీధి, ఎన్ని గదులు, ఎవరి డబ్బు, ఏ సంవత్సరం, ఇవి అడగాలి.

ఎడిషన్ సంగతి ఇంకా చిత్రం. నైట్‌క్లబ్బుల నుంచి హోటళ్ళలోకి వచ్చి బొటీక్ హోటల్ అనే మాటకే ప్రాణం పోసిన ఇయాన్ ష్రేగర్, మారియట్ కలిసి పెట్టిన బ్రాండ్ ఇది. మొదటి హోటల్ 2010లో హవాయి దీవుల్లో వైకికీలో తెరిచారు. ఏడాది తిరక్కముందే ఓనర్‌కు, ఆపరేటర్‌కు చెడింది. 2011 ఆగస్టులో ఒక అర్ధరాత్రి దాటాక ఓనర్ మనుషులు వచ్చి హోటల్‌ను చేతిలోకి తీసుకుని, ద మోడర్న్ హోనలూలూ అని పేరు మార్చేశారు. గదుల్లో నిద్రపోయిన వాళ్ళు ఒక హోటల్లో పడుకుని ఇంకో హోటల్లో లేచారు. తర్వాత కోర్టులు, దివాలా పిటిషను, అదంతా పెద్ద గొడవ. ఆ తర్వాత ఎడిషన్ లండన్, న్యూయార్క్ లాంటి చోట్ల బాగానే నిలబడింది, కాబట్టి బ్రాండ్ చెడ్డదని కాదు. మన దేశంలోనూ ముంబై లోయర్ పరేల్‌లో ఒక టవర్ ఉంది, మొదట షాంగ్రి-లా, కొన్ని నెలలకే పల్లాడియం, 2015 నుంచి సెయింట్ రీజిస్. గోడలు అవే, పక్కన మాల్ అదే, బోర్డు మాత్రం రెండుసార్లు మారింది. ఓనర్ దగ్గర మాల్ అద్దెలు ఉన్నాయి కాబట్టి తట్టుకున్నాడని నా అభిప్రాయం. మీ మామయ్య గారికి అలాంటి పక్క రాబడి ఏముందో నాకు తెలీదు, అది మీరే ఆలోచించుకోవాలి.

సరే, హైదరాబాద్. పై నుంచి చూస్తే అన్నీ బాగుంటాయి. పెద్ద పెద్ద టెక్ కంపెనీల క్యాంపసులు, 2023లో నానక్‌రామ్‌గూడకు మారిన అమెరికన్ కాన్సులేటు, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఎయిర్‌పోర్టు దగ్గర. కానీ ఆ డిమాండ్ ఎలాంటిదో చూడండి. సోమవారం రాత్రి నుంచి గురువారం రాత్రి దాకా గదులు నిండుతాయి, అదీ కంపెనీ ముందే మాట్లాడుకున్న కార్పొరేట్ రేటుకు. ఆ వచ్చేవాడికి కావలసింది మంచి మంచం, వేడినీళ్ళు, ఇస్త్రీ చేసిన చొక్కా, పొద్దున్నే ఇడ్లీ, తొమ్మిదింటికి కారు. లాబీలో డీజే ఉన్నాడని అతని కంపెనీ ట్రావెల్ డెస్కు మూడు వేలు ఎక్కువ ఇవ్వదు, ఇవ్వనే ఇవ్వదు. శుక్రవారం మధ్యాహ్నానికి బ్యాగులు సర్దేసుకుంటారు. అక్కడి నుంచి ఆదివారం రాత్రి దాకా మీ హోటల్‌ను నడిపించాల్సింది ఊరివాళ్ళు.

ఇక్కడే మీ స్థలం దగ్గర ఇబ్బంది. ట్రెండీ హోటల్‌కు గదుల కంటే బారు, రెస్టారెంట్లు, పూల్ పక్క పార్టీలు, వీటి మీద వచ్చే డబ్బు, వాటితో వచ్చే పేరు ముఖ్యం. ఆ డబ్బు ఖర్చుపెట్టే జనం శనివారం రాత్రి ఎక్కడుంటారు? జూబ్లీహిల్స్ 36, 45 నంబర్ రోడ్లు, ఫిల్మ్‌నగర్ వైపు, ఇంకా హైటెక్ సిటీ, గచ్చిబౌలి. మీరు చెప్పిన చోట శనివారం రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు టవర్ల సెక్యూరిటీ గార్డులు, కుక్కలు, దూరంగా క్రేన్లు. కోకాపేట, నార్సింగి అపార్టుమెంట్లలోకి జనం వస్తున్నారు నిజమే, ఇంకో ఐదారేళ్ళకు ఆ రోడ్డే మారిపోవచ్చు, కానీ వాళ్ళలో చాలామంది ఇంటి వాయిదాలు కడుతూ, పిల్లలను నిద్రపుచ్చే వయసులో ఉన్నవాళ్ళు. అక్కడ బిర్యానీ ఆర్డర్లు బాగా పోతాయి గానీ రెండు వేల రూపాయల కాక్‌టెయిల్ పోతుందా అంటే నాకు నమ్మకం లేదు.

గోవాలో వాగతోర్‌లో 2016 చివర్లో డబ్ల్యూ తెరిచారు, అక్కడ అన్నీ కలిసొచ్చాయి. కొండ, సముద్రం, చాపోరా కోట పక్కనే, వచ్చేవాడు వచ్చేదే తాగి ఆడి పాడటానికి. మనవాళ్ళే హైదరాబాద్ నుంచి శుక్రవారం ఫ్లైటెక్కి వెళ్ళి అక్కడ ఇరవై వేలు పెట్టి గది తీసుకుంటారు, వాళ్ళే సొంత ఊళ్ళో ఆ డబ్బు పెట్టరు. కన్సల్టెంట్ గారు గోవా రేట్లు చూపించి హైదరాబాద్ లెక్క వేశారేమో ఒకసారి ఆ ఎక్సెల్ షీటు తెరిచి చూడండి.

రాత్రి వ్యాపారం గురించి ఇంకో రెండు మాటలు. రూఫ్‌టాప్ మీద సంగీతం అంటారు కదా, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కుదరవు, ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండగల సందర్భంగా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అంతే. హైదరాబాద్‌లో పార్టీ మొదలయ్యేదే పదింటికి. కాబట్టి డీజే అంతా తలుపులు మూసిన హాల్లోనే, దానికి సౌండ్‌ప్రూఫింగ్ మొదటి రోజే డిజైన్‌లో ఉండాలి, తర్వాత చేయిస్తే గోడలు పగలగొట్టడమే. ఇంకా ఎన్నికలొస్తే డ్రై డే, గాంధీ జయంతికి డ్రై డే. ఇవన్నీ అన్ని హోటళ్ళకూ ఉన్నవే, కానీ బారు మీద బతికే హోటల్‌కు తగిలే దెబ్బ వేరు, మీటింగుల మీద బతికే హోటల్‌కు తగిలే దెబ్బ వేరు.

మరి మన దగ్గర హోటల్‌ను నిజంగా పోషించేది ఏమిటంటే, పెళ్ళి. బాంక్వెట్ సేల్స్ మేనేజర్ టేబుల్ మీద కంప్యూటర్ పక్కన పంచాంగం లేకపోతే వాడు హైదరాబాద్‌లో పని చేయట్లేదని లెక్క. ఆషాఢం, మూఢం, శూన్యమాసం చూసుకుని ఏడాది బడ్జెట్ వేస్తాం, నేను నవ్వులాటకు చెప్పట్లేదు. మాఘంలోనో వైశాఖంలోనో ఒక మంచి ముహూర్తం రోజు వచ్చే రాబడి నాలుగైదు మామూలు వారాంతాలకు సమానంగా చూశాను. పెళ్ళికి కావలసింది స్తంభాలు లేని పెద్ద హాలు, వెయ్యి మంది భోజనాలు, మూడు వందల కార్లు నిలిపే చోటు, తెల్లవారుజామున మూడింటికి ముహూర్తమైతే ఆ వేళకు కాఫీ, టిఫిను. హోమం పొగకు స్మోక్ డిటెక్టర్లు మోగకుండా ఇంజినీరింగ్ వాళ్ళు ఆ హాలు వరకు వేరు చేసి, ఒక ఫైర్ మనిషిని అక్కడే నిలబెట్టాలి. రెండున్నర ఎకరాల్లో 200 గదులు, పూల్, మూడు రెస్టారెంట్లు, లివింగ్ రూమ్ పెట్టాక ఈ హాలుకు ఎంత మిగులుతుంది? ట్రెండీ బ్రాండ్ డిజైనర్లు హాలును చిన్నది చేసి బారును పెద్దది చేస్తారు, వాళ్ళ దృష్టిలో అదే సబబు. మన లెక్కలో అది తలకిందులు.

గదుల సంగతి నా అనుభవంలోంచి ఒకటి చెప్తాను, హోటల్ పేరు, ఊరి పేరు వద్దు. అలాంటి ఒక బ్రాండ్‌కు ప్రీ-ఓపెనింగ్‌లో ఉన్నాను. గదికి, బాత్రూముకు మధ్య గోడ లేదు, నిలువెత్తు గాజు. డిజైనర్ విదేశీ, కుర్రవాడు, మంచివాడే. మాక్-అప్ రూమ్, అంటే నమూనా గది, చూసినప్పుడే మన కుటుంబాలకు ఇది కుదరదు, కనీసం తెర పెట్టండి అన్నాను. బ్రాండ్ స్టాండర్డ్ ఒప్పుకోదన్నారు. తెరిచాక మొదటి పెళ్ళికి పెళ్ళికొడుకు తాతగారు, నాయనమ్మ ఒక గదిలో, పెళ్ళికూతురి ఇద్దరు పిన్నిలు, వాళ్ళ పిల్లలు ఇంకో గదిలో. సాయంత్రానికల్లా ఇరవై గదుల గాజుల మీద మా హౌస్‌కీపింగ్ బెడ్‌షీట్లు వేలాడుతున్నాయి. తాతగారు లైటు స్విచ్ కనపడక రాత్రంతా లైట్లేసుకునే పడుకున్నానని పొద్దున నాతో చెప్పారు, కోపంగా కూడా కాదు, జాలిగా. ఆరు నెలల తర్వాత అన్ని గదులకూ తెరలు వచ్చాయి, డబ్బు ఎవరిదో చెప్పనక్కర్లేదు కదా.

వంటగది కూడా అంతే. విదేశీ కిచెన్ ప్లాన్‌లో పిజ్జా ఓవెన్‌కు చోటుంటుంది, తడి గ్రైండర్‌కు ఉండదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు పిండికి రోజుకు ఎన్ని కిలోలు రుబ్బాలో వాళ్ళకు ఊహ లేదు, నీళ్ళు పోయే దారి లేకపోతే ఆ మూల ఎప్పుడూ జారుడే. మనుషుల విషయానికొస్తే, ఈ బ్రాండ్లలో స్టాఫ్ టీషర్టు, స్నీకర్లు వేసుకుని గెస్టును స్నేహితుడిలా పలకరించాలి. విద్యానగర్‌లోని హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఐహెచ్ఎంలోనో ఇంకెక్కడో చదువుకుని వచ్చిన మన పిల్లలు నేర్పితే చక్కగా చేస్తారు, అనుమానం లేదు. కానీ అరవై ఐదేళ్ళ పెద్దాయనను పేరు పెట్టి పిలిస్తే ఆయన ఊరుకోడు, ఆ పిల్లకీ నోరు రాదు. మంచి జనరల్ మేనేజర్ (జీఎం) అయితే వారంలో కనిపెట్టి, పెద్దవాళ్ళకు నమస్కారం అండీ, కుర్రాళ్ళకు హాయ్ అని సర్దేస్తాడు. బయటి నుంచి వచ్చిన జీఎంకు అది అర్థమవడానికి ఏడాది పడుతుంది, అప్పటికి బదిలీ.

ఎన్నారైలు వస్తారని కన్సల్టెంట్ అన్నాడని రాశారు. వస్తారు. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి డిసెంబర్‌లో వచ్చే మనవాళ్ళకు ఈ బ్రాండ్లు బాగా తెలుసు, కానీ చాలామంది ఆ కంపెనీ హోటళ్ళలో దిగి కూడబెట్టుకున్న పాయింట్లతో వస్తారు, డబ్బు బదులు అవే ఇస్తారు. పాయింట్ల మీద ఇచ్చిన గదికి, ఆ రాత్రి హోటల్ దాదాపు నిండితే తప్ప మీకు పూర్తి రేటు రాదు, మిగతా రోజుల్లో చాలా తక్కువ చేతికొస్తుంది. ఈ వాక్యం కాంట్రాక్టులో ఎక్కడుందో వెతికి ఎర్ర పెన్నుతో గీయండి.

ఊరి విలాసం గురించి కూడా ఆలోచించండి. 2010లో తాజ్ వాళ్ళు తెరిచిన ఫలక్‌నుమాలో 60 గదులే, కానీ 101 మంది కూర్చునే ఆ భోజనబల్ల ఉన్నన్నాళ్ళు విదేశీ ఛైర్మన్‌ను గొప్పగా చూసుకోవాలంటే కంపెనీలు అక్కడికే తీసుకెళ్తాయి. అదే ఏడాది హుస్సేన్ సాగర్ ఒడ్డున కోల్‌కతా వాళ్ళ ద పార్క్ వచ్చింది, ముందు గోడంతా నిజాం నగల పనితనం చూసి డిజైన్ చేశారు. అంటే డిజైన్ హోటల్ ఈ ఊరికి కొత్త కాదు, ఇక్కడి సరుకుతోనే చేసి చూపించారు. బయటి బ్రాండ్ ఊరిని చూడకుండా తన బొమ్మ తెచ్చి పెడితే ఏమవుతుందో ఎడిన్‌బరోలో చూడండి, 2023లో అక్కడ తెరిచిన డబ్ల్యూ భవనం చుట్టూ రిబ్బన్‌లా కంచు రంగు చుట్లు పెట్టారు, ఊరివాళ్ళు దాన్ని ఏ ఎమోజీతో పోల్చారో మీరే ఊహించుకోండి, నేను రాయను. హోటల్ నడుస్తోంది, అది వేరే విషయం.

మధ్యలో మీరు అమరావతి గురించి కూడా అడిగారు. అక్కడ ఇప్పుడు ఈ మాటే ఎత్తొద్దు. కొత్త నగరానికి ముందు రావాల్సింది శుభ్రమైన, మధ్యస్థంగా ఉండే హోటల్. హైటెక్ సిటీ దగ్గరే చూడండి, 2006లో హెచ్ఐసీసీ అనే పెద్ద సదస్సుల భవనం పక్కన నొవోటెల్ వచ్చింది, సదస్సులు వచ్చాయి కాబట్టి గదులు నిండాయి. దుర్గం చెరువు మీదికి చూస్తూ ఐటీసీ కోహినూర్ లాంటి భారీ లగ్జరీ వచ్చింది 2018లో. మధ్యలో పన్నెండేళ్ళు. విజయవాడలోనూ నొవోటెల్, హయత్ ప్లేస్ లాంటివే ముందు వచ్చాయి, ఆ వరస సరైనదే. అధికారులు, కాంట్రాక్టర్లు, లాయర్లు వారం రోజులుండి పోయే ఊరికి రాత్రి జీవితం ఎవరూ కట్టివ్వలేరు.

మీ మామయ్య గారు నా మాట వింటే ఆ స్థలంలో 180 గదుల లోపు మంచి బిజినెస్ హోటల్, అందులో ఒక అంతస్తు నెలల తరబడి ఉండేవాళ్ళకు వంటగదులున్న గదులు, ఎనిమిది వందల మందికి సరిపడే ఒక్క హాలు, ఒకే ఒక్క గొప్ప రెస్టారెంటు. అది ఆయనకు చప్పగా అనిపిస్తుంది, తెలుసు. ట్రెండీ బ్రాండే కావాలని పట్టుబడితే, జూబ్లీహిల్స్ వైపు స్థలం ఉన్నవాళ్ళతో కలవమనండి. లేదా కాంట్రాక్టులో మూడు విషయాలు రాయించుకోకుండా సంతకం పెట్టొద్దనండి: వరుసగా రెండేళ్ళు అనుకున్న లాభం రాకపోతే ఆపరేటర్‌ను మార్చే హక్కు, మొదటి పదేళ్ళలో రెనొవేషన్ ఖర్చుకు ఒక పైపరిమితి, చుట్టూ కొన్ని కిలోమీటర్లలో అదే కంపెనీ ఇలాంటి ఇంకో బ్రాండ్ తేకూడదని. మూడోది చాలామంది మర్చిపోతారు, ఒక్కో కంపెనీ దగ్గర ముప్పై బ్రాండ్లు ఉన్న కాలం ఇది, మీ పక్క ప్లాటులోనే వాళ్ళదే ఇంకోటి లేచి నిలబడుతుంది.

కన్సల్టెంట్‌తో మళ్ళీ కూర్చునే ముందు ఒక పని చేయండి. వచ్చే మంగళవారం, ఆ తర్వాత శనివారం, రెండు రాత్రులూ ఎనిమిదిన్నర నుంచి పదకొండు దాకా మీ ప్లాటు ముందు కారు ఆపుకుని కూర్చోండి, మామయ్య గారిని కూడా తీసుకెళ్ళండి. ఎన్ని కార్లు వెళ్ళాయని కాదు, ఎన్ని ఆగాయో లెక్కపెట్టండి. తర్వాత అదే శనివారం పదకొండున్నరకు 36 నంబర్ రోడ్డుకు వెళ్ళి అక్కడా అరగంట లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలు, కన్సల్టెంట్ ఎక్సెల్ షీటు నాకు పంపండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.